ఎవరికి? దేనికి? ఎంతసేపు?

"నీ మీటింగ్ సంగతి నేను చూసుకున్నాలే. నువ్వు పులిహోర సంగతి చూడు" అన్నాడు కిషోర్, అద్దం ముందు తల దువ్వుకుంటూ.

చింతపండు పిసుకుతున్న భానుశ్రీ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

కిరందుల్‌లో విశ్వకర్మ పూజంటే టౌన్‌షిప్ మొత్తం కొండెక్కే రోజు. ఏడాది పొడుగునా గేటు దగ్గరే ఆపేసే, కిషోర్ పనిచేసే ఇనుపరాయి గనిలోకి ఆ ఒక్కరోజు కుటుంబాలను పోనిస్తారు. డంపర్లకు బంతిపూల దండలు, డ్రిల్లింగ్ మిషన్లకు పసుపూ కుంకుమా, డ్యూటీ మనుషులకు కొత్త చొక్కాలు. జగదల్‌పూర్ నుంచి ఆడపడుచు సుధామణి పిల్లాజెల్లాతో పొద్దున్నే దిగింది. అయితే భానుశ్రీ ఇంటినుంచే పనిచేసే హైదరాబాద్ ఆఫీసుకు ఇవాళ సెలవు కాదు. పైగా ఆర్నెల్లుగా ఆమె రాసిన ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను కొనబోయేవాళ్లకు చూపించే రోజు. వాళ్లు సరేనంటే టీమ్‌కు లీడ్ ఆమే. కాదంటే పని మొత్తం పోయినట్టే.

"ఏం చూసుకున్నారు?"

"మీ మేడమ్‌కి మెయిల్ కొట్టేశా, నీ ఫోన్లోంచే. ఇంట్లో పూజ, రాలేను, వినోద్ చేస్తాడు అని. ఆవిడ ఓకే కూడా అంది. టెన్షన్ మత్ లో యార్."

భానుశ్రీ చెయ్యి కడుక్కుని ఫోన్ తెరిచింది. మెయిల్ ఉంది. అడుగున తన పేరుంది. మధ్యలో, తన టీమ్‌లోనే పనిచేసే వినోద్ గురించి ఒక వాక్యం కూడా ఉంది: 'వినోద్ నాకంటే బాగా చూపించగలడు.' ఆ వాక్యాన్ని ఆమె రెండోసారి చదవలేకపోయింది.

కేకలు వెయ్యాలనిపించలేదు. తనమీద తనకే నవ్వొచ్చింది. పెళ్లయిన కొత్తలో ఫోన్‌కు తాళం పెట్టుకుంటే "మొగుడూ పెళ్లాల మధ్య తాళాలేటే?" అంది అత్తగారు తాయారమ్మ. "దాచుకునేంత రహస్యాలేమున్నాయి నీకు?" అన్నాడు కిషోర్. చివరికి పాస్‌వర్డ్ కూడా కిషోరే ఎంచాడు, అతని పుట్టినరోజు. అప్పట్నుంచి ఆ ఫోన్లో ఆడపడుచు ఫొటోలు చూసేది, ఆమె పిల్లలు ఆటలాడేవారు, కిషోర్ బ్యాంకు మెసేజ్‌లు చదివేవాడు. తను మాత్రం పగలంతా చేసే పనేమిటి? ఒకరి పాస్‌వర్డ్‌తో ఇంకొకరు లోపలికి పోకుండా కాపలా కట్టడం. పెద్ద కంపెనీలు తమ పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒక ఖజానాలో పెట్టుకుంటాయి. ఎవరైనా అడిగితే ఆ ఖజానా మూడు సంగతులు చూస్తుంది. ఎవరికి, దేనికి, ఎంతసేపు. అన్నీ సరిపోతే డేటాబేస్‌లోకి వెళ్లి అప్పటికప్పుడు ఒక కొత్త యూజర్‌ను పుట్టిస్తుంది. గడువు తీరగానే చెరిపేస్తుంది. పేరున్న డేటాబేస్‌లకు ఈ ఏర్పాటు తయారుగా దొరుకుతుంది. ఇవాళ కొనబోయే ఆసుపత్రుల సంస్థది మాత్రం ఇంకెవరూ వాడని ముసలి డేటాబేస్. ఖజానాను దానితో మాట్లాడించే ప్లగిన్ ఎక్కడా లేదు. కుక్కర్ విజిళ్ల మధ్య, అత్తగారి మోకాళ్ల నూనె వెచ్చబెడుతూ, ఇనుపరాయి ఎర్రదుమ్ము పట్టిన కిషోర్ చొక్కాలు నానబెడుతూ, ఆ ప్లగిన్‌ను మొదటి వరస నుంచి చివరి వరసదాకా రాసింది భానుశ్రీ. "కంప్యూటర్ ముందు కూర్చుంటే టైంపాస్ అవుతుంది దానికి" అని చుట్టాలకు చెప్పేవాడు కిషోర్.

బయట జీపు హారన్ కొట్టింది.

"భానూ, డబ్బాలు సర్దావా? అక్క వాళ్లు ఎక్కేశారు."

అబద్ధం చెప్పి సర్దుకోవచ్చు. పూజ తొందరగా అయిపోయింది, ఇప్పుడు రాగలను అనొచ్చు. పరువు దక్కుతుంది. ఆమె మేడమ్ సుమిత్రకు ఫోన్ చేసింది.

"మేడమ్, పొద్దుటి మెయిల్ నేను రాయలేదు."

"మరెవరు?"

కిషోర్ దువ్వెన పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. "మా ఆయన" అంది భానుశ్రీ, అతని కళ్లలోకి చూస్తూ.

అవతల సుమిత్ర కీబోర్డు చప్పుడు వినిపించింది. "నువ్వు రావని తెలిసి మీటింగ్ గంట ముందే పెట్టేశాం, వినోద్ మొదలుపెట్టేశాడు. లింక్ పంపిస్తున్నా, ముందు విను."

"పరువు తీశావు కదే!" అన్నాడు కిషోర్.

"నా పేరుతో రాసింది మీరు. నేను మీ పేరు చెప్పానంతే. పులిహోర అయ్యాక అత్తయ్య తింటారు. మీరు కొండమీద లంగర్‌లో, ఊరందరి బంతిలో తినండి. వెళ్లిరండి."

జీపు వెళ్లిపోయింది. మోకాళ్ల నొప్పులతో తాయారమ్మ ఆగిపోయింది.

భానుశ్రీ లాప్‌టాప్ తెరిచేసరికి వినోద్ గొంతు ధీమాగా వినిపిస్తోంది. "మేము తయారుచేసిన ఈ ప్లగిన్‌లో గడువు తీరగానే యూజర్ మాయం. చూడండి రామారావు గారూ, వీడిక లేడు."

ఆసుపత్రుల సంస్థ కంప్యూటర్లన్నీ చూసే పెద్దాయన రామారావు. ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "లేడా? మరి నా స్క్రీన్ మీద పేషెంట్ల పేర్లు చదువుతున్నదెవడయ్యా, వాడి దెయ్యమా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వినోద్ మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

భానుశ్రీకి విషయం తెలిసిపోయింది. అతని చేతిలో ఉన్నది పాత కాపీ. లోపల పనిచేస్తున్న యూజర్‌ను చెరపడానికి ఆ ముసలి డేటాబేస్ ఒప్పుకోదు. ఆ తిక్క ఆమెకు అంతుచిక్కక చాలారోజులు తల బద్దలుకొట్టుకుంది. చివరికి ఈ ఇంటి గుమ్మంలోనే దొరికింది. "వెళ్లొస్తాం" అన్నాక కూడా సుధామణి గుమ్మంలో చెప్పులేసుకుని ఇంకో గంట మాట్లాడుతుంది. పోతున్నట్టే ఉంటుంది, పోదు. అలాంటివాళ్లకు ముందు మళ్లీ లోపలికి వచ్చే దారి మూయాలి, తర్వాత మాట తుంచాలి, ఆ తర్వాతే పేరు కొట్టెయ్యాలి. ఆ వరస రాసిన కొత్త కాపీ ఆమె లాప్‌టాప్‌లోనే ఉంది. మీటింగ్‌కు ముందు ఆమే ఎక్కించాల్సింది. ఆ మెయిల్ అడ్డం పడింది.

ఆమె మైకు తెరిచింది. "నమస్కారం సార్. నా పేరు భానుశ్రీ. ఈ ప్లగిన్ రాసింది నేను."

ఇన్ని నెలల్లో ఆ మాట ఆమె నోట ఒక్కసారీ రాలేదు. చాలా చిన్న వాక్యం. ఇంత హాయిగా ఉంటుందనుకోలేదు.

"మీరు చూసింది పాతది సార్. కొత్తది ఎక్కిస్తాను."

"ఎంతసేపమ్మా?"

"మీరు టీ తాగొచ్చేలోపు."

సగం ఎక్కిందో లేదో తెర బిగుసుకుపోయింది. ఇంటి ఇంటర్నెట్, ఆమె ఫోన్ సిగ్నల్ రెండూ ఒకే కంపెనీవి. ఘాట్‌లో కేబుల్ తెగితే రెండూ ఒకేసారి పోతాయి. అత్తగారి సిమ్ వేరే కంపెనీది.

"అత్తయ్యా, మీ ఫోన్ ఇవ్వండి, అర్జెంటు!" లాక్కున్నంత పని చేసింది. తెర మీద తాళం బొమ్మ. "ఇదేంటి? దీని నంబరెంత?"

"నీకెందుకే? ఇలా తే, నేను నొక్కుతాను." తాయారమ్మ పక్కకు తిరిగి, పైటకొంగు అడ్డం పెట్టుకుని నొక్కింది.

భానుశ్రీ నోరు తెరుచుకుని చూసింది. "మొగుడూ పెళ్లాల మధ్య తాళాలేటి అన్నారు?"

"అన్నాన్లే. ఆయనున్నన్నాళ్లూ బీరువాక్కూడా తాళం ఎరగను. ఆయన పోయాక పెట్టుకున్నాను. బాగుందే." చూపు తిప్పేసుకుంది ముసలామె. "కానీ కానీ, అవతల టీ తాగీసుంటారు."

టీ కప్పుతోనే వచ్చి కూర్చున్నాడు రామారావు. భానుశ్రీ కొత్త యూజర్‌ను పుట్టించింది. ఆయన లోపలికి వెళ్లి పేర్లు చదువుతూ కూర్చున్నాడు. గడువు తీరింది. పేర్లు మాయమయ్యాయి. మళ్లీ వెళ్లబోయాడు. తలుపు లేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. అసలలాంటి మనిషే లేడంది డేటాబేస్.

"ఇదమ్మా పనంటే" అన్నాడాయన. "సుమిత్ర గారూ, ఇకనుంచి మాతో ఈ అమ్మాయే మాట్లాడాలి. ఎవరమ్మా నేర్పారు నీకిది?"

"మా ఆడపడుచు సార్" అంది భానుశ్రీ. ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మాత్రం మనసారా నవ్వింది.

కాల్ అయ్యాక పులిహోర కలిపి అత్తగారికి పెట్టి, దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి లాప్‌టాప్ మూతకు బొట్టు పెట్టింది. ఊళ్లో మిషన్లన్నిటికీ పూజైంది, తన మిషన్ ఏం పాపం చేసింది?

పులిహోర తింటున్న తాయారమ్మ తలెత్తి చూసింది. "చిన్నదైపోనాదే. ఇంకాస్త పెద్దది పెట్టు."

సాయంత్రం కిషోర్ చెప్పులనిండా ఎర్రదుమ్ముతో తిరిగొచ్చాడు. లాప్‌టాప్ మీది బొట్టు చూశాడు. అలవాటుగా భానుశ్రీ ఫోన్ తీశాడు. తన పుట్టినరోజు నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"పాస్‌వర్డ్ మార్చావా? కొత్తదేంటి?"

భానుశ్రీ అతని చేతిలోంచి ఫోన్ నెమ్మదిగా తీసుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. పొద్దున రామారావు గారితో మాట్లాడిన గొంతే అది.

"ఎవరికి, దేనికి, ఎంతసేపు?"

"అరే, నీ మొగుణ్ణి!"

"అది మొదటిదానికి జవాబు" అంది భానుశ్రీ. "మిగతా రెండూ చెప్పండి."