సరే అన్నంత పొడుగు

పొద్దున్నే లాండ్రీ షట్టరెత్తి, ఇస్త్రీపెట్టెలు వేడెక్కేలోగా నిన్నటి బట్టలు పై కమ్మీలకు తగిలించడం ఆమె పని. ఆమెకైతే చెయ్యి చాస్తే అందుతాయి. మనసులో వద్దనుకుంటూ ‘సరే’ అన్న ప్రతిసారీ గోరంత పొడుగయ్యేది మరి. అందరికీ పనికొచ్చే పొడుగు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

“మొహమాటం నీ బలహీనతే కావచ్చు. దానివల్లేగా తల్లీ ఇంత ఎదిగావు!” అనేవాడు యజమాని.

నిలబడి నిలబడి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఒకటో తారీఖు నుంచి కౌంటరు కుర్చీ ఆమెదేనని యజమాని మాటిచ్చాడు. అటక కింద కుర్చీ. ముందే కూర్చుని చూసుకుంది; నెత్తికీ అటకకూ మధ్య గోరు దూరేంత సందుంది.

ఒకటో తారీఖుకు ముందురోజు సాయంత్రం హోటలు దుప్పట్లు వచ్చి పడ్డాయి. “ఇవాళొక్కరోజు ఆగి తేల్చెయ్యమ్మా. నువ్వు కాకపోతే ఇంకెవరున్నారు?”

కాళ్లు వద్దన్నాయి. నోరు “సరే” అంది. ఇంటికెళ్తే భర్త చొక్కాలు, అత్తగారి కాళ్లు. మరో రెండు సరేలు.

మర్నాడు మెడ పక్కకు వాలిస్తే తప్ప కుర్చీలో ఇమడలేదు.

“అలా కూర్చుంటే వచ్చినవాళ్లు దడుచుకోరూ? నిన్ను పొడుగవమని నేనన్నానా?” అన్నాడు యజమాని.

కుర్చీ అతని బావమరిదికి దక్కింది. బుద్ధెరిగాక ఎవరికీ సరే అనని మనిషి. అందుకే పొట్టి. కుర్చీలో ఎంచక్కా సరిపోయి, వెనక్కి వాలి, “అక్కా, ఆ ఫ్యాను కాస్త నావైపు తిప్పు. నీకు అందుతుందిగా,” అన్నాడు.

“తిప్పను.”

ఇస్త్రీపెట్టెలు ఆగిపోయాయి. కుదించుకుపోతుందేమోనని అందరూ చూశారు. ఆమె కూడా ఆశగా తన పాదాల వంక చూసుకుంది. వెంట్రుకవాసి తగ్గలేదు.

“ఇప్పుడు వద్దంటే ఏం లాభం? పెరిగింది పెరిగిందే,” నవ్వాడు యజమాని.

“అవును,” అంటూ ఆమె ఇన్నాళ్లూ వంచుకున్న నడుము ఎత్తి నిటారుగా నిలబడింది. పైకప్పు రేకు పెళ్లున లేచిపోయింది.

కింద యజమాని రేపట్నుంచి రావద్దని అరుస్తున్నాడు. మోకాళ్లు సలుపుతూనే ఉన్నాయి. పైన మాత్రం గాలి వీస్తోంది. వీధి పొడవునా ఇళ్ల కప్పులు కనిపించాయి. ఒక్కటీ చదునుగా లేదు. వంటగది ఉన్నచోటల్లా, లోపల్నుంచి ఎవరో తలతో నెడుతున్నట్టు, ఉబ్బి ఉంది.