పెద్ద సైజు బొట్టుబిళ్ళ

బొట్టుబిళ్ళ ఊడదీసి అద్దానికి అంటించి, మొహం కడుక్కుందామని చెంబు ఎత్తిన సారలమ్మ అలాగే ఆగిపోయింది. కనుబొమల నడుమ, రోజూ బిళ్ళ ఉండే చోట, కందిగింజంత తెల్లగా ఉంది. సున్నమేమో అనుకుని కొంగుతో తుడిచింది. పోలేదు. సబ్బు పెట్టి రుద్దింది. చుట్టూ ఎర్రబడింది గానీ తెలుపు తెలుపులాగే ఉంది.

"చాయ్ అయితదా, కాదా?" ముందుగదిలోంచి మొగుడు బాలరాజు కేక.

బిళ్ళ మళ్ళీ పెట్టేసుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

యాభై దగ్గర పడ్డాక ఒంట్లో ఏది రోగమో ఏది వయసో తెలియకుండా పోయింది సారలమ్మకు. చెంపల మీద మంగు వస్తే ఎండల తిరుగుతవు అన్నారు. మడమలు పగిలితే చెప్పులేసుకోవు అన్నారు. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు కమ్మి జాకెట్టు తడిసిపోతే, ఆడోళ్ళన్నాక ఇదంతా ఉండేదే అన్నారు. వేళ్ళ సందులు ఒరిసిపోయి మండుతుంటే మాత్రం, అంట్లు నేను తోముతానని ఆ ఇంట్లో ఒక్క నోరూ అనలేదు. అదేం విచిత్రమో గానీ, బాలరాజుకు జలుబు చేస్తే గాలి మారిందంటారు. సారలమ్మకు దురద పెడితే ఏం తిన్నావని అడుగుతారు. విని విని ఆమెకూ అదే అలవాటైంది. ఎక్కడ నొప్పి పుట్టినా ముందు తానేం తప్పు చేసిందో వెతుక్కునేది. ఇప్పుడు ఈ తెల్లమచ్చకు ఏ తప్పు వెతుక్కోవాలో తోచలేదు.

డిగ్రీ చదివే కూతురు మానసకు చూపించింది. ఆ పిల్ల కాలేజీలో కంప్యూటరు ముందు కూర్చుని వెతికి వచ్చి, "అమ్మా, ఇది షుగర్‌తోని రావచ్చంట, థైరాయిడ్‌తోని రావచ్చంట, ఊకెనే గూడ రావచ్చంట" అంది. ఉన్న గుబులుకు ఇంకో రెండు తోడయ్యాయి.

అత్త దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. "బొల్లి గాదు గద బిడ్డా? చేపల కూర తిని పాలు గిట్ల తాగినవా?"

పాలా! ఆ ఇంట్లో పాలు మొగుడి చాయ్‌కీ, అత్త పెరుగుకీ, పిల్ల గ్లాసుకీ సరిపోయేవి. సారలమ్మ పాలు తాగిన సంగతి సారలమ్మకే గుర్తు లేదు. అయినా చేపలు ఎప్పుడు తిన్నానా అని లెక్క వేసుకుంటూ కూర్చుంది, పిచ్చిది.

బాలరాజు పేపరు దించి ఒక్కసారి చూసి తేల్చేశాడు. "పెద్ద బిళ్ళ పెట్టు, కనవడది. దీనికింత లొల్లెందుకు?"

పెట్టింది. కనబడలేదు, ఆ మాట నిజమే. కొన్నాళ్ళకు తెలుపు బిళ్ళ అంచు దాటి బయటికి వచ్చింది. ఇంకో సైజు పెద్దది కొన్నది. మచ్చ దాన్నీ దాటింది. మెట్రో స్తంభాల కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్విపోసిన ఏడాది అది. ఆ దుమ్ములో బండి పెట్టుకున్న గాజులామె డబ్బాలన్నీ వెతికి, "దీనికంటె పెద్దయి రావక్కా" అనేసింది.

సారలమ్మ నాచారంలో మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. లోపలికి గాజులు, పూలు, బొట్టుబిళ్ళలు తీసుకుపోనివ్వరు, మాత్రల్లో పడతాయని. ఆడవాళ్ళంతా బట్టలు మార్చుకునే గదిలో ఎవరి బిళ్ళ వాళ్ళు బీరువా తలుపుకు అంటించి, కనుబొమల దాకా టోపీ లాక్కుని లోపలికి పోతారు. డ్యూటీ దిగాక మళ్ళీ ఎవరిది వాళ్ళు పెట్టుకుంటారు. కొత్తలో సారలమ్మకు లోపల ఉన్నంతసేపూ భయమే, మొగుడికి ఏమవుతుందోనని. రోజూ సాయంత్రం ఆయన నిక్షేపంగా టీవీ ముందు కనబడుతుంటే, ఆ భయం ఎప్పుడు పోయిందో ఆమె గమనించనేలేదు.

"ఇదేంటే సారలా, నీ బొట్టు రోజురోజుకీ దోసెలా పెరుగుతోంది?" అంది తారామణి ఒకనాడు, బీరువా దగ్గర. గుడివాడ వైపు మనిషి, పక్కనే కూర్చుని పని చేస్తుంది. నలుగురూ నవ్వారు. సారలమ్మ కూడా నవ్వబోయి బొటబొటా ఏడ్చేసింది. తారామణి హడలిపోయి ఆమెను పక్కకు లాక్కుపోయింది. సంగతంతా విని కోప్పడింది. "మా ఆయన ఇలా అన్నాడు, మా అత్త అలా అంది అంటావేంటి? వాళ్ళేమన్నా చర్మం డాక్టర్లా? ముందు వెళ్ళి చూపించుకో."

"నాతోని జర దవాఖానకు వస్తవా?" అని ఆ సాయంత్రం ఇంటికి పోయి అడిగింది బాలరాజును.

"గింత దానికి నేనెందుకు? మ్యాచ్ ఉంది."

ఒక్కతే పోయింది. డాక్టరమ్మ బిళ్ళ తీసి, లైటు వేసి చూసి, ఒంటి మీద ఇంకెక్కడా మచ్చలు లేవని తెలుసుకుని, "బొల్లి అని భయపడకండమ్మా. బిళ్ళ వెనక జిగురు మీకు పడటం లేదు" అంది.

"ఇంక పెద్దది పెడితె దాగుతదా అమ్మా?"

"పెద్దది పెట్టారు కాబట్టే పెద్దదైంది. కప్పెట్టమని ఎవరు చెప్పారు మీకు?"

"అందరు జెప్పిన్రమ్మా" అంది సారలమ్మ. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మందు రాసిచ్చి, రంగు మళ్ళీ వచ్చేదాకా నుదుటి మీద ఏదీ పెట్టొద్దంది డాక్టరమ్మ, కుంకుమతో సహా. బొల్లి కాదంటే ఎగిరి గంతెయ్యాలి కదా! బస్సులో కూర్చున్నంతసేపూ చెయ్యి నుదుటి మీదికే పోయింది. ఎదురు సీటు మనిషి తనను చూస్తే ఏమనుకుంటుందోనని కొంగు లాక్కుంది. తప్పు చేసినదానిలా ఎందుకుందో ఆమెకే అర్థం కాలేదు.

ఇంట్లో చెప్పగానే అత్త కంట నీళ్ళు తిరిగాయి. "మొగడు ఉండంగ బోసి నొసలా? నా నొసలు జూడు. ఇది నేను తుడుసుకున్నది గాదు బిడ్డా. నన్ను కూసోవెట్టి పది మంది గూడి తుడిసిన్రు. నువ్వు నీ చేతులార తీసేస్తనంటవా?"

సారలమ్మకు అత్త బాధ చూస్తే డాక్టరమ్మ చెప్పింది పెద్ద పాపంలా తోచింది, అద్దంలో మచ్చ చూసుకుంటే అత్త మాట వినడం పిచ్చితనంలా తోచింది. ఎటూ తేల్చుకోలేక పడుకునేముందు మందు రాసి, పొద్దున లేచి దాని మీదే బిళ్ళ పెట్టసాగింది. మచ్చ తగ్గేదెట్లా?

బోడుప్పల్లో సాంబయ్య ఇంటి గృహప్రవేశం వచ్చింది. సాంబయ్యది బాలరాజు ఊరే. ఊరివాళ్ళ పిలుపులన్నిటికీ ఆ ఇంటి తరఫున పోయేది సారలమ్మే. ఆ పొద్దున చీర కట్టుకుని, అద్దం మీది బిళ్ళ చేతిలోకి తీసుకుంది. దాని వెనక జిగురుకు నిన్నటి మందు అంటుకుని ఉంది. ఎందుకో ఒళ్ళు మండిపోయింది. తీసి చెత్తబుట్టలో పడేసింది.

"బొట్టేది?" అన్నాడు బాలరాజు, మంచం మీంచే.

"డాక్టరమ్మ వద్దన్నది గద."

"ఇయ్యాల్టికి పెట్టు. రేపటిసంది బందు జెయ్యి."

"రేపు రేపు అనుకుంటనే గింత పెద్దగైంది."

"నాకేమన్న అయితె?"

"కంపెనీల దినాం తీసే ఉంటున్న. ఇన్నేండ్లల్ల నీకేమైంది?"

"ఆడ లోపట నిన్నెవడు జూస్తడు?" బాలరాజు చిరాకుపడ్డాడు. "ఇది మందిలకు పోవుడు. గట్ల పోతె నేను సచ్చిననుకుంటరు."

సారలమ్మ గడప దగ్గర నిలబడిపోయింది. కొత్తలో తాను భయపడింది ఆయన ప్రాణం గురించి. ఆయన బెంగ మాత్రం ప్రాణం గురించి కానే కాదు. చర్మం మండినా, పొట్టు లేచినా, ఫలానా బాలరాజు భూమ్మీద ఉన్నాడని నలుగురికీ చూపిస్తూ తిరిగే పని తన నుదుటిది. ఆ పనికి డ్యూటీ దిగడం కూడా లేదు. కోపం వచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చింది, గందరగోళం లేని కోపం.

"గట్లనా?" అంది, చెప్పులు వేసుకుంటూ. "అయితె లే. అంగీ తొడుక్కొని నాతోని రా. నా పక్కపొంటి నిలవడు. బతికే ఉన్ననని మందికి నువ్వే జెప్పుకో."