అంకుడు కర్ర సుత్తి, పైడితల్లి బిల్లు

నేను ఒక కొయ్య సుత్తిని. మేకులు కొట్టే సుత్తిని కాదు. అమెరికా చట్టసభలో అధ్యక్షస్థానంలో కూర్చున్నవాళ్ళు సభ్యులు నోరు మూసుకోవాలన్నా, ఒక మాట తేలిపోయిందని చెప్పాలన్నా బల్ల మీద కొడతారే, ఆ జాతిదాన్ని. పుట్టింది మాత్రం ఏటికొప్పాకలో. నాకు నిలకడ తక్కువ. ఊరికే పడి ఉండడం నా వల్ల కాదు, ఎప్పుడూ ఎక్కడో అక్కడ దెబ్బ వెయ్యాలనిపిస్తుంది.

సూరాచారి అనే బొమ్మల పనివాడు అంకుడు కర్రని తరిణె మర మీద తిప్పి చెక్కి, లక్క రంగు పట్టించి నన్ను తయారుచేశాడు. చేయించింది సన్యాసిరావు మాస్టారు. కొండల కింద ఒక చిన్న పట్నంలో డిగ్రీ కాలేజీలో ఆయన రాజనీతిశాస్త్రం చెబుతారు.

"ఇదేటి మాస్టారూ, పప్పు ఎనపడానికా?" అన్నాడు సూరాచారి నన్ను ఆయన చేతిలో పెడుతూ.

"కాదయ్యా, ప్రజాస్వామ్యానికి."

"ఏదైనా గట్టిగానే ఉంటాదిలెండి" అన్నాడు సూరాచారి.

మాస్టారికి అమెరికా ప్రభుత్వ పాఠమంటే ప్రాణం. పుస్తకంలో చదివితే పిల్లలు కునుకు తీస్తున్నారని ఏటా కాలేజీలోనే ఒక కాంగ్రెసు, అంటే వాళ్ళ చట్టసభ లాంటిది, పెట్టేవారు. "చట్టం చేసేవాడొకడు, అమలు చేసేవాడొకడు, తప్పొప్పులు తేల్చేవాడొకడు. ముగ్గురూ ఒకడే అయ్యాడంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే" అనేవారు. మన ప్రధానమంత్రి సభలోనే కూర్చుంటాడు. వాళ్ళ ప్రెసిడెంటు సభకి బయట ఉంటాడు. సభ పంపిన బిల్లు నచ్చితే సంతకం పెడతాడు, నచ్చకపోతే తిప్పికొడతాడు. తిప్పికొట్టినదాన్ని సభ మూడింట రెండు వంతుల మందితో మళ్ళీ నెగ్గిస్తే ఇక ఆయన చేసేదేమీ లేదు. నిజానికి వాళ్ళకి రెండు సభలు. మా కాలేజీకి హాలు ఒక్కటే కాబట్టి మాస్టారు రెండింటినీ కలిపేశారు.

ప్రెసిడెంటు మా ప్రిన్సిపాల్ పురుషోత్తం గారు. న్యాయస్థానం మాస్టారే. ఒక ఏడు ప్రిన్సిపాల్ గారు హుషారుగా ఉండి, "ఏడాదికి ఒక్క చట్టం, నా చేతిలో ఉన్నదైతే నిజంగానే అమలు చేస్తాను" అని అందరి ముందూ మాటిచ్చేశారు. పిల్లలు మహా అయితే క్యాంటీన్లో మిరపకాయ బజ్జీ అడుగుతారనుకున్నారు పాపం.

పైడితల్లి బజ్జీ అడగలేదు. ఆ పిల్లది కొండ మీద ఊరు. వాళ్ళూరికి ఆఖరి బస్సు పావుతక్కువ ఐదుకి. కాలేజీ వదిలేది ఐదింటికి. ఆఖరి పీరియడు ల్యాబు. ల్యాబుకి ఉంటే బస్సు పోతుంది, బస్సెక్కితే హాజరు పోతుంది. హాజరు చాలకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. కాలేజీని పొద్దున్న అరగంట ముందు తెరిచి సాయంత్రం అరగంట ముందు మూసెయ్యాలని ఆమె బిల్లు పెట్టింది.

సభ నెగ్గించింది. ప్రిన్సిపాల్ గారు తిప్పికొట్టారు. లెక్చరర్లు పొద్దున్నే రాలేరని రాశారు. అసలు పొద్దున్నే లేవలేనిది ఆయనే అని అటెండర్లు నవ్వుకున్నారు.

ఇక మిగిలింది ఆ మూడింట రెండు వంతులే. సభ్యులు ముప్పై మంది, కావలసింది ఇరవై. ఆ మధ్యాహ్నం నేను స్పీకరు గంగునాయుడి చేతిలో ఉన్నాను. వాడి అరచెయ్యి చెమటతో జారిపోతోంది. నాకు ఆత్రం ఆగడం లేదు.

"బిల్లుకి అనుకూలమైనవాళ్ళు లేచి నిలబడండి!" అన్నాడు.

ఇద్దరు ముగ్గురు లేస్తున్నారు, మిగతావాళ్ళు పక్కవాళ్ళ మొహాలు చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ గారు తమాషా చూద్దామని పక్క తలుపు తీసుకుని లోపలికి వచ్చారు. పెద్దవాళ్ళు గదిలోకి వస్తే లేవడం మా పిల్లలకి ఒకటో క్లాసు నుంచీ ఉన్న అలవాటు. హాలు హాలంతా లేచి నిలబడింది.

గంగునాయుడి వీపు ఆ తలుపు వైపుంది. వాడికి కనిపించినది ముప్పై మంది నిలబడి ఉండడం ఒక్కటే. మళ్ళీ ఎక్కడ కూర్చుంటారోనని నన్నెత్తి బల్ల మీద దబ్బున వేశాడు.

"నెగ్గింది!"

ఎంత హాయిగా ఉందో ఆ దెబ్బ! ప్రిన్సిపాల్ గారి మొహం కందగడ్డ అయింది. పిల్లలందరూ తన మీద తిరగబడ్డారనుకున్నారాయన. అయినా ఇచ్చిన మాట ఇచ్చారు కదా, వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. జరిగింది మాస్టారికి అర్థమైంది. తప్పొప్పులు తేల్చవలసిన ఆ పెద్దమనిషి పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయనకీ ఆ పిల్ల గెలవాలనే ఉంది.

అప్పుడు పైడితల్లి లేచింది.

"అధ్యక్షా, ఆళ్ళు నా బిల్లుకి లెగలేదు. ప్రిన్సిపాల్ గారొచ్చారని లెగిసారు. మళ్ళీ లెక్కెట్టండి."

"నీకేం పిచ్చా? నెగ్గాం కదా, కూర్చో!" అన్నాడు గంగునాయుడు, తను స్పీకరునన్న సంగతి మరిచిపోయి.

"ఇయాల నాకోసం తప్పు లెక్క ఒప్పుకుంటే, రేపు నామీద తప్పు లెక్కేస్తే నానేటని అడగను?"

మాస్టారు పైకప్పు మీంచి చూపు దించి, "మళ్ళీ లెక్కపెట్టాలి" అని తీర్పు చెప్పారు.

ఈసారి ప్రిన్సిపాల్ గారు ఎదురుగా కూర్చుని ఒక్కొక్కరినీ చూస్తున్నారు. లేవడమంటే ఇప్పుడు ఆయనకి ఎదురు నిలవడమే. మొదట ఎవరూ కదల్లేదు. తరవాత కామర్సు కుర్రాడొకడు లేచాడు, వాడిది పట్నమే, బస్సుతో పనే లేదు. వాణ్ణి చూసి ఇంకొకడు. బల్లలు కిర్రుమంటున్నాయి. చూస్తుండగా పద్దెనిమిది మంది అయ్యారు. అక్కడ ఆగిపోయింది.

గంగునాయుడు నన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పొద్దస్తమానం కొట్టు కొట్టు అని వాణ్ణి తొందరపెట్టే నాకు ఆ క్షణాన బల్ల అడుక్కి దొర్లిపోవాలనిపించింది.

"కొట్టండి అధ్యక్షా. ఓడింది ఓడిందే" అంది పైడితల్లి.

కొట్టాడు.

ఆ ఏడు ఆమెకి హాజరు చాల్లేదు, పరీక్షకి కూర్చోనివ్వలేదు. మళ్ళీ అదే క్లాసు. అందుకే మరుసటేడు సభలో కూడా ఉంది, మళ్ళీ అదే బిల్లు పెట్టింది. ఈసారి సభ నెగ్గించగానే ప్రిన్సిపాల్ గారు హాల్లోనే సంతకం పెట్టేశారు. "అందరూ లేచినప్పుడు కోపమొచ్చిందండీ. నేను చూస్తుండగా పద్దెనిమిది మంది లేచారు చూడండి, అది మాత్రం ఏడాదంతా మనసులోంచి పోలేదు" అని మాస్టారితో అన్నారు.

ఇప్పుడు మా కాలేజీలో రాజనీతిశాస్త్రం చేరేవాళ్ళు లేరు, సభా లేదు. స్టాఫు రూములో అటెండరు నాతో టీలోకి అల్లం దంచుతున్నాడు. పని ఉంది గనక పడి ఉన్నాను, కానీ మనసు ఒక చోట నిలవదు. మొదటి దెబ్బ దగ్గరే ఆగి ఉండాల్సిందా? తప్పు లెక్క మీద పడిన దెబ్బ కూడా దెబ్బేనా? ఎన్నిసార్లు దంచినా తేలడం లేదు.

డిగ్రీ అయిపోయాక పైడితల్లి సర్టిఫికెట్ల కోసం ఒక సాయంత్రం వచ్చింది. మాస్టారి బల్ల మీద నన్ను చూసి చేతిలోకి తీసుకుంది.

"ఆ రోజు నోరు మూసుకునుంటే ఏటయ్యేది సార్?"

మాస్టారికి అబద్ధం చేతకాదు. "నీకో ఏడాది మిగిలేదమ్మా" అన్నారు.

"మిగిలేదే" అని ఆమె కాసేపు నన్ను అటూ ఇటూ తిప్పి, అప్పటికే నాకు పట్టిన అల్లం వాసనకి నవ్వి, మెల్లిగా బల్ల మీద పెట్టింది. కాలేజీ అప్పుడే వదిలారు. వాళ్ళ ఊరి వైపు ఆడపిల్లలు వరండాలో కబుర్లాడుకుంటూ పోతుంటే వాళ్ళతో కలిసి నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళింది. బస్సుకి ఇంకా టైముంది.