పావు అంగుళం ఎత్తు

నేను ఒక స్ప్రింగును. రెండే సీట్లున్న పాత స్పోర్ట్స్ కారులో కుడి ముందు చక్రం దగ్గర ఉంటాను. పుట్టింది బర్మింగ్‌హామ్‌లో, 1961లో. మొదట ఒక టీ తోట మేనేజరును మోశాను, తరవాత ఆయన బావమరిదిని. ఆ పైన పదకొండేళ్లు ఒక షెడ్డులో కోళ్లను మోశాను. కోళ్లు తమ బరువు గురించి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.

ఇప్పటి యజమాని భుజంగరావు విశాఖ హార్బరులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకు కారు నేలకు దగ్గరగా ఉండాలి. ఇంటి ముందు స్పీడ్ బ్రేకరు దాటిన ప్రతిసారీ కారు అడుగు గీసుకునేది. ఆ చప్పుడుకు వీధి కుక్కలు లేచేవి. విసిగిపోయిన ఆయన భార్య సుభాషిణి కారు కొనే మనిషిని వెతికి పెట్టింది. అతను ఆదివారం నాలుగింటికి వస్తాడు. ఈలోగా గీసుకోకుండా దాటించగలిగితే కారు ఉంటుంది, లేకపోతే పోతుంది. ఆలుమగల ఒప్పందం అది.

ఆదివారం మధ్యాహ్నం మెకానిక్ పైడిరాజు వచ్చాడు. నా కింద స్క్రూలా తిరిగే రింగు ఒకటి ఉంది. దాన్ని పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. ఎత్తు కొలవాల్సింది సీట్లో బరువు ఉన్నప్పుడు.

"సార్, మీ బరువెంతండి?"

"ఎనభై."

పైడిరాజు వంటింట్లోంచి మూడు పాతిక కిలోల బియ్యం బస్తాలూ, ఐదు కిలోల గోధుమపిండీ తెచ్చి డ్రైవరు సీట్లో పెట్టాడు. కారును ముందుకీ వెనక్కీ దొర్లించి, ముక్కును రెండుసార్లు నొక్కి వదిలి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచుకు టేపు పట్టాడు. పదమూడున్నర అంగుళాలు వచ్చేదాకా రింగు తిప్పాడు. బస్తాలు దించాడు. భుజంగరావు ఎక్కాడు. ఆయన బరువు నాకు అప్పుడే తెలిసిపోయింది. నన్ను ఎవరూ అడగలేదు.

స్పీడ్ బ్రేకరు మీద అడుగు గీసుకుంది. కుక్కలు లేచాయి. టైము మూడుంబావు.

"ఇదేటండి సార్?" పైడిరాజు మళ్లీ టేపు పట్టాడు. "బస్తాలు కూకుంటే సరిగ్గా ఉంది. మీరు కూకుంటే పావంగుళం దిగిపోతంది."

"నీ టేపు పాతదోయ్."

"నిన్ననే కొన్నానండి."

గేటు దగ్గర నిలబడ్డ సుభాషిణి ఇక్కడ ఊరుకుంటే సరిపోయేది. ముప్పావు గంటలో కారు పోయేది. కాని ఆ "ఎనభై" అనే మాట ఆవిడ ఇరవై ఏళ్లుగా వింటోంది.

"తొంభై ఎనిమిది, పైడిరాజూ! మొన్న ఆస్పత్రిలో నర్సు నమ్మలేక తూకం మిషను రెండుసార్లు ఎక్కించింది."

"బాబోయ్! ముప్పాతిక బస్తా దాచేసేరేటండి సార్?"

భుజంగరావు సముద్రం ఉన్న వైపు చూశాడు.

పైడిరాజు నా రింగును రెండు చుట్లు పైకి తిప్పాడు. ఈసారి కారు చప్పుడు లేకుండా దాటింది. కుక్కలు పడుకునే ఉన్నాయి. సుభాషిణి వాటిని కాసేపు చూసి, ఫోను తీసి, కొనే మనిషిని రావద్దంది.

"ఎడం పక్క కూడా చూసేస్తే పనయిపోద్ది," అన్నాడు పైడిరాజు. "అమ్మగారూ, మీరెంతండి?"

"యాభై ఎనిమిది."

భుజంగరావు నోరు తెరవబోయాడు.

"అరవై రెండు," అని ఆవిడే దిద్దుకుంది. "బస్తాలెందుకు, నేనే కూర్చుంటాను."

ఆ కారులో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి. ఎడమ స్ప్రింగు నాకు తరవాత చెప్పింది: అరవై తొమ్మిది.