కోడ్ ఇవ్వను

ఇవ్వడు, ఛస్తే ఇవ్వడు, సబ్‌స్టేషన్ నుంచి ముక్కూ మొహం తెలియనివాడెవడో ఫోన్ చేసి సబ్ నీచే ఆ గయే సర్, లైన్ చార్జ్ కర్ దీజియే, అందరూ దిగేశారు లైన్లోకి కరెంటు వదలండి, అంటే ఇచ్చెయ్యడానికి కోడ్ నంబరేమైనా గుళ్లో ప్రసాదమా, పొద్దున ఆ నాలుగు వందల కేవీ లైను ఆపించి పర్మిట్ తీసుకున్నవాడు నరసింహులు, గ్రేటర్ నోయిడా అవతల టవరెక్కిన మరమ్మతు గ్యాంగుకి పెద్ద, తీసుకున్నవాడే మావాళ్లందరూ దిగారని తన నోటితో చెప్పాలి, ఆ తరవాతే ఈ కంట్రోల్ రూమ్ నుంచి హేమసుందర్ కోడ్ ఇవ్వాలి, ఇస్తే అక్కడ స్విచ్ పడుతుంది, పైన మనిషుంటే మిగిలేది బొగ్గే, మరి నరసింహులేడయ్యా అంటే వో బిజీ హై సర్ అంటాడా, ఏం, ఒక్క మాట చెప్పడానికి నోరు కూడా బిజీయేనా?

ఏమయ్యా హేమసుందర్, ఇంకా నాన్చుతున్నావ్, అంటూ వెనక చీఫ్ రంగనాథ్ గారు, సాకేత్ నుంచి నోయిడా దాకా కరెంటు లేదు, మినిస్ట్రీ నుంచి ఇది మూడో ఫోను, లోడంతా రెండో లైను మీద పడింది, అదీ ట్రిప్పయితే బాధ్యత నీదా, నాదే సార్, కాగితం మీద రాసిస్తాను, అసలు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి వాళ్లని తొందరపెట్టిందే ఈయన, ఇప్పుడు పెద్ద నీతులు, గోడ మీద యాభై ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ నలభై తొమ్మిదిన్నర కిందికి జారుతోంది, జూన్ ఎండకి రాష్ట్రాలన్నీ వాటాకి మించి కరెంటు తోడేసుకుంటున్నాయి, తగ్గించండ్రా బాబూ అంటే ఠీక్ హై అంటారు, ఒక్కడూ తగ్గించడు, ఠీక్ హై, ఆ మాట వింటేనే ఒళ్లు మండుతుంది, ఐదేళ్ల క్రితం ఇదే కుర్చీలో తనూ అన్నాడుగా ఠీక్ హై, ఇలాగే ఎవరి గొంతో విని, కోడ్ ఇచ్చేశాడుగా.

అలా ఇచ్చిన వారం తరవాత, ఆ రోజు టవర్ మీదున్న లక్ష్మీపతి అనే లైన్‌మన్ రెండు బస్సులు మారి ఇక్కడికొచ్చాడు, ఆఖరి మెట్టు మీంచి కాలు తీశాను సార్, పైన తీగ జుయ్యిమంది, అని నవ్వాడు, హాల్లో అందరూ నవ్వారు, తనూ పగలబడి నవ్వి చాయ్ తెప్పించాడు, సిగ్గులేని నవ్వు.

లే, నేనిస్తా కోడ్, రంగనాథ్ గారు ఫోన్ మీద చెయ్యేశారు, చెయ్యి తియ్యండి సార్, హాలంతా తిరిగి చూసింది, చూడనీ, సస్పెండ్ చేసుకోండి, చెయ్యి మాత్రం తియ్యండి, అంతలో ఆ చేతికిందే ఫోన్ మోగింది, హేమసుందర్ లాక్కున్నాడు, సార్, నేను నరసింహుల్ని, ఎవడు సార్ జెప్పింది మేం దిగినమని, ఇద్దరు ఇంక మీదనే ఉన్నరు, క్లాంపు ఇరుక్కపోయింది, సబ్‌స్టేషన్ల కూసున్న సారు జెప్పిండా, ఆయన టవర్ మొహం సూసిండా ఎప్పుడన్న, ఇంకో అర్ధగంట ఇయ్యుండ్రి.

తీసుకో నరసింహులూ, గంట తీసుకో, రంగనాథ్ గారు అచ్ఛా అని గొణిగి గదిలోకి పోయారు, గెలిచినట్టే, మరి కోపం తగ్గదేం, ఇద్దరు మీదనే ఉన్నరు, ఆఖరి మెట్టు, రెండు బస్సులు మారి ఎవడైనా నవ్వించడానికి వస్తాడా, ఎందుకిచ్చావు సార్ అని అడగడానికొచ్చాడు లక్ష్మీపతి, ఇంతమంది ఆఫీసర్ల ముందు అడగలేక నవ్వాడు, తను చాయ్ ఇచ్చి పంపేశాడు.