గౌరవాసనమున వినబడని ఎడమచేయి

వర్షావసానపరిక్షాళితమైన నీలాకాశమున పలుచని వెండిమబ్బులు తొందరలేని బాటసారులవలె తూర్పుసముద్రముదెసకు మెల్లమెల్లగ సాగుచుండెను. కోటబురుజులపై పారావతమిథునములు మధ్యాహ్ననిద్ర చాలించి రెక్కలు సవరించుకొనుచుండెను. గంటస్తంభము మూడు కొట్టి తన బాధ్యత తీరినదని ఊరకుండెను. అట్టి శరత్కాలాదివారాపరాహ్ణమున విజయనగరపట్టణమందలి ఒకానొక సందులో కొత్తగా సున్నము కొట్టిన పెంకుటింటి ముంగిట గృహస్థుడొకడు చేతులు వెనుకకు కట్టుకొని వీథిచివరకు చూపు నిగిడించి అటునిటు పచారు చేయుచుండెను.

ఆయన చయనము భీమశంకరముగారు. ముప్పదిరెండు సంవత్సరములు సర్వేశాఖయందు గొలుసు లాగి పొలిమేరలు నిర్ణయించి ఉభయపక్షములచేతను సమానముగా తిట్లు తిని ఉద్యోగవిరమణ చేసిన మహనీయుడు. కొలుచుట ఆయనకు ఉద్యోగముతో పోక స్వభావమై నిలిచిపోయెను. విస్తరిలో దోసె పడినంతనే దాని వ్యాసము చెప్పగలరు. గోడకు తగిలించిన పటము వెండ్రుకవాసి వాలినచో ఆయనకు అన్నము సహింపదు. అట్టి కొలతలరాయడు మూడుదినములుగా తన యింటి పెద్దగదిలో స్టీరియోప్రతిష్ఠ గావించుచుండిరి.

ప్రతిష్ఠ యనుట అతిశయోక్తి కాదు. విశాఖపట్టణమునుండి ఎండుగడ్డిలో పొదిగి తెచ్చిన పరికరములు నాలుగు. వెండిముఖముపై వరుసగా మరలు దాల్చి నీలపుదీపముతో కన్నుగీటు ఆంప్లిఫయరు ఒకటి. క్యాసెట్టు మ్రింగి పాట వినిపించు యంత్ర మొకటి. నల్లని గుడ్డముసుగులు వేసికొని కొత్తకోడండ్రవలె గోడప్రక్కన నిలిచిన స్పీకర్లు రెండు. వీనిని ఎచటనో యొకచట పెట్టి మీట నొక్కినను పాట రాకపోదు గాని అట్లు చేయువాడు సర్వేయరు కానేరడు. స్పీకర్లు రెండును వినువాని కుర్చీయు కలిసి మూడుభుజములు సమానమైన త్రిభుజముగ నుండవలెనని యంత్రముతో వచ్చిన పుస్తకమున వ్రాసియుండెను. భీమశంకరముగారికి అంతమాత్రము చాలెను.

ధర్మపత్ని భ్రమరాంబగారి ముగ్గుడబ్బా తెచ్చి నేలపై భుజ మెనిమిదడుగుల త్రిభుజము గీసిరి. స్పీకర్లు అదరరాదని ఒకదానిక్రింద ఆమె సన్నెకల్లును రెండవదానిక్రింద తిరుగలిరాతిని చేర్చిరి. ప్రతిధ్వని పుట్టరాదని ఎదుటిగోడనిండ బొంతలు వ్రేలాడదీసిరి. తత్ఫలితముగా ఆ యింట మూడుదినములనుండి పచ్చడి లేదు. వాకిట ముగ్గు లేదు. పండుకొనుటకు బొంత లేదు. సంగీతమునకై సంసారమును త్యజించినవారు పూర్వము కలరు గాని సంసారసామగ్రినంతయు తెచ్చి సంగీతమునకు బిగించినవారు వీరే కావలెను.

“ఇంక నేనొక్కర్తెనే మిగిలాను. నన్ను కూడా ఏ పెట్టె కిందో దూర్చేస్తే సరిపోతుంది కదా!” అని భ్రమరాంబగారు నడుముపై చేయి నిడి పలికిరి.

“నువ్వు టార్చిలైటు పట్టుకో” అని ఆయన సెలవిచ్చిరి.

ఆ టార్చివెలుగునందే ఈ కథకు బీజము పడెను. ప్రతి స్పీకరు వెనుకను ఎర్రని కొక్కెమొకటియు నల్లని కొక్కెమొకటియు ఉండెను. రెండుపేటల తీగెలోను ఎర్రగీత గలది యొకటి నల్లనిది యొకటి. ఎరుపునకు ఎరుపు నలుపునకు నలుపు తగిలింపవలెనని పుస్తకము పెద్దయక్షరములలో ఘోషించుచుండెను. కుడివైపు స్పీకరునకు భీమశంకరముగారు అట్లే బిగించిరి. ఎడమవైపుది దేవునిగది గోడను ఆనుకొని యుండెను. దాని నల్లకొక్కెము సరిగా దేవునిగుమ్మము దిక్కున నిలిచెను. కొలతలను ఎంత నమ్ముదురో శకునములను అంతయు నమ్ము ఆ పెద్దమనిషికి అది అపశకునముగ తోచెను. దేవునివైపున నల్లతీగె కూడదని ఆ యొక్కదానికి మాత్రము తీగెలను తారుమారు చేసి ఎర్రగీతను దేవునివైపునకు బిగించిరి. మీట నొక్కగా పాట వచ్చెను. కొంచెము పలుచగా వచ్చినను వచ్చెను గదా యని తృప్తిపడిరి.

ఇంత సన్నాహమును వినోదార్థము కాదు. దీనివెనుక ఒక మనుష్యుని ఇరువదియేడేండ్ల వ్యథ కలదు.

ఆ సందు చివరి యింట మృదంగవిద్వాంసుడు గౌరినాయుడుగారు కలరు. ఇరువదియేడేండ్లక్రిందట ఒక కచేరియందు పొరుగూరి గాయకుడొకడు తాళము తప్పి పల్లవినడుమ చిక్కుపడి సభవారు నవ్వగా సిగ్గుపడి దిగివచ్చి “నాయుడికి కుడిచెయ్యే గాని ఎడంచెయ్యి పలకదు. నేనేం చెయ్యను?” అనెను. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఊరివారందరకును తెలియును. తెలిసియు ఆ మాటనే పట్టుకొని ఒంటిచేతినాయుడని పిలుచుకొని సంతోషించిరి. నాయుడుగారు కచేరీలు మానుకొనిరి. మృదంగమునకు ఎడమమూత గంభీరముగ పలుకవలెననిన ప్రతిపర్యాయమును తడిపిన రవ్వముద్దను దానినడుమ అద్దవలెను. శిష్యుల మృదంగములకు నిత్యము రవ్వ నద్ది పాఠము చెప్పుచుండిరే కాని పాతపంచెలో చుట్టి అటకపై పెట్టిన తన మృదంగమునకు మరల రవ్వ పెట్టలేదు.

ఇప్పుడు ఆయన మనుమరాలు వరహాలునకు కార్తికపూర్ణిమనాడు తొలి పాటకచేరి నిశ్చయమయ్యెను. ప్రక్కన తాత మృదంగము పట్టనిచో తాను వేదిక యెక్కనని ఆ పిల్ల పట్టుపట్టెను. తాను మృదంగము పట్టినచో ఆ పిల్లకు కూడ ఒంటిచేతిపేరు అంటునని తాత బిగిసికొని కూర్చుండిరి. ఈ చిక్కునడుమ భీమశంకరముగారి కొక నిధి దొరకెను. నాటి కచేరిని వస్త్రవర్తకు డొకడు ముచ్చటపడి టేపునకు ఎక్కించియుండగా అది వాని యింటి పాతసామానులో బయటపడి క్యాసెట్టుగా మారి ఆయన చేతికి వచ్చెను. ఆ దినమున సభలో కూర్చుండి ఎడమచేయి వింటినని నాటినుండి సాక్ష్యము చెప్పుచున్న ఏకైకసాక్షి ఆయనయే. క్యాసెట్టు చేతబట్టుకొని నాయుడుగారి యింటికి పరుగెత్తిరి.

నాయుడుగారు దానిని చేతిలో త్రిప్పి త్రిప్పి చూచిరి. తరువాత నిట్లనిరి. “సూద్దాం బాబూ. అందులో నా ఎడంసెయ్యి పలికితే పిల్ల పక్కన కూకుంటాను. పలకనేదో, ఇంక ఆ మాట మీ నోట రాకూడదు.”

ఈ యొప్పందమునకై స్టీరియో. ఈ యొప్పందమునకై త్రిభుజము.

అంతలో వీథిచివర తెల్లని పంచె కనబడెను. గౌరినాయుడుగారు న్యాయస్థానమునకు తీర్పు విన వచ్చువానివలె తలవంచుకొని నడచివచ్చిరి. భీమశంకరముగారు ఎదురేగి చేయి పట్టుకొని లోనికి గొనిపోయి త్రిభుజాగ్రమున ముగ్గుగీతపై కొలిచి నిలిపిన పెద్దకుర్చీయందు కూర్చుండబెట్టి “కదలకండి. ఈ ఇంట్లో పాట సరిగ్గా వినబడే చోటు ఇదొక్కటే” అని హెచ్చరించిరి. వంటయింట రవ్వ వేగుచున్న కమ్మనివాసన గదినిండ వ్యాపించెను. మీట నొక్కిరి.

గాయకుని కంఠము వినవచ్చెను. అది ఎచటినుండి వచ్చుచున్నదో తెలియక గదియంతయు పరచుకొనియుండెను. తంబుర వినవచ్చెను. మృదంగము కుడిమూత టకటకమని ముత్యములు రాల్చినట్లు స్పష్టముగ పలికెను. ఎడమమూత లేదు. ఎంత చెవియొగ్గినను లేదు. భీమశంకరముగారు ధ్వని పెంచిరి. గాయకుడు మాత్రమే బిగ్గరగ పాడెను. మంద్రధ్వని మరను కొసవరకు త్రిప్పిరి. నీలపుదీపము మాత్రమే ఇంకొక పర్యాయము కన్నుగీటెను. మృదంగ మొక్కటే పలుకు తనియావర్తనము కూడ వచ్చి ఒంటిచేతితోనే ముగియవచ్చెను.

నాయుడుగారు లేచిరి. ఆయన ముఖమున కోపము లేదు. అది యుండినచో చూచువారికి సులువుగ నుండెడిది.

“ఆడన్న మాట నిజివే బాబూ. ఇరవయ్యేడేళ్ళు ఆడిని అన్నేయంగా తిట్టుకున్నాను. నా సెయ్యే పలకనేదు” అని మెల్లగ పలికి చెప్పులకొరకు గుమ్మమువైపునకు నడచిరి. స్నేహితునికి మేలు చేయబోయి తన చేతులారా ఆయనను పాతిపెట్టితినని భీమశంకరముగారికి దుఃఖము పొంగివచ్చెను.

ఆ క్షణమున అట్లకాడ చేతబట్టుకొని భ్రమరాంబగారు వంటయింటి గుమ్మమున నిలిచిరి. ఎడమస్పీకరు ఆ గుమ్మమునకు మూరెడుదూరమున నుండెను.

“ఉప్మా తినకుండా ఎక్కడికండీ నాయుడుగారూ? మీ ఎడంచెయ్యి పలకకపోవడమేమిటి? లోపల నా మూకుడుమూత ఆ దెబ్బకే కదా గలగలలాడుతోంది!”

నాయుడుగారు ఇది ఇల్లాలి ఊరడింపుమాట యని తలచి విచారముగ నవ్విరి. భీమశంకరముగారికి మాత్రము పౌరుషము వచ్చెను. “కొలత తప్పలేదు. ఎటు చూసినా ఎనిమిదడుగులే. వినబడితే ఆ కుర్చీలో వినబడాలి గాని వంటింట్లో వినబడడమేమిటి?” అనిరి. తాను పట్టిన కుందేలునకు మూడేకాళ్లు గదా.

“మీ కుర్చీలోనే వినబడటం లేదు. ఇలా వచ్చి నిలబడండి.”

ఆయన వచ్చి నిలిచిరి. ఎడమస్పీకరునుండి గుమ్ముగుమ్మని లోతైన నాదము పాదములక్రిందినుండి పైకెక్కినట్లు వినవచ్చెను. పరుగున కుర్చీకడకు పోయిరి. లేదు. కుడిస్పీకరు ప్రక్కకు పోయి చెవి నానించిరి. ఉన్నది. మరల కుర్చీ. లేదు. పొలిమేర తగవునందు ప్రతివాదివలె మూడుపర్యాయములు ఇటునటు తిరిగిరి. రెండుచోట్ల నున్నది నడుమ నెట్లు పోయెనో సర్వేశాఖలో ఎన్నడు నేర్పలేదు.

“మొన్న టార్చిలైటు పట్టుకున్నది నేనే కదా” అని భ్రమరాంబగారు నెమ్మదిగ ననిరి. “ఈ పెట్టెకి తీగెలు తిరగేశారు. ఒకటి గాలిని ముందుకి తోస్తూంటే రెండోది వెనక్కి లాగుతోందేమో. ఇద్దరు మనుషులు తిరగలిని చెరోవైపుకీ లాగితే అది తిరుగుతుందా?”

భీమశంకరముగారు తెల్లబోయిరి. సత్యము బోధపడెను గాని శకునము వదలలేదు. “దేవుడి వైపు నలుపు...” అని గొణిగిరి.

“లోపల ఉన్న కృష్ణుడే నల్లనివాడు. ఆయనకి లేని పట్టింపు మీకెందుకండీ?”

ఆయన నేలపై బోర్లపడి టార్చి నోట కరచుకొని తీగెలను సరిచేసిరి. నాయుడుగారిని బ్రతిమాలి మరల కుర్చీలో కూర్చుండబెట్టిరి. క్యాసెట్టు వెనుకకు త్రిప్పి మీట నొక్కిరి.

గాయకుడు ఇంతసేపటికి ఇల్లు దొరకినవానివలె రెండుస్పీకర్ల నట్టనడుమ వచ్చి నిలిచెను. వానికి కొంచెము ప్రక్కగా మృదంగము. కుడిమూత టకటకలనడుమ ఎడమమూత లేచెను. తొలకరియురుము దూరపుకొండలవెనుక దొర్లినట్లు గంభీరమై స్నిగ్ధమై పొరపాటెరుగనిదై ఒక్కొక్కదెబ్బయు సరిగ్గ కాలమునకు వచ్చి పడుచుండెను. గాయకుడు తాళము తప్పినచోట కూడ అది తప్పలేదు. పల్లవినడుమ వాడు చిక్కుపడి తడుముకొనుచుండగా ఎడమచేయి ఒక్క దీర్ఘమైన గుమ్ముతో ఇదిగో తాళము మొదలుపడు సమము ఇదిగో అని వానికి దారిచూపెను. ఆనాడు ఓడిన దెవరో ఆ గదిలో ముగ్గురకును తెలిసిపోయెను.

నాయుడుగారు కన్నులు మూసికొనిరి. ఆయన ఎడమచేయి తనంతట తాను మోకాలిపై కదలసాగెను. ఇరువదియేడేండ్లనాటి చేతితో ఈనాటి చేయి వెండ్రుకవాసి తేడాలేక కలిసి నడచెను. మూసిన కనురెప్పలక్రిందినుండి కన్నీరు జారి తెల్లని మీసములలో ఇంకిపోయెను.

“నా సెయ్యే! బాబూ, ఇది నా సెయ్యే!” అనిరి. భీమశంకరముగారు ఏడ్చుట కనబడకుండ నేలపై ముగ్గుగీతను కాలితో చెరపుచు నిలిచిరి.

గౌరవాసనమున కూర్చుండినవారికి వినబడని సత్యము వంటయింటి గుమ్మమున నిలిచినవారికి వినబడుట లోకమున కొత్త కాదు. కుర్చీని సరిగ్గ కొలిచి వేసినంతమాత్రమున చాలదు. అప్పుడప్పుడు లేచి నాలుగడుగులు నడచి చూడవలెను.

ఉప్మా వచ్చెను. మూడుదినములుగా సన్నెకల్లు లేని యింట పచ్చడి లేకయే వచ్చెను. ఎవరికిని ఆ లోపము తోచలేదు. తిని చేయి కడుగుకొని గౌరినాయుడుగారు వెళ్లబోవుచు గుమ్మమున తటపటాయించి నిలిచిరి. పెండ్లిమాట చెప్పలేని పిల్లవానివలె పైపంచెయంచును వ్రేలికి చుట్టుకొనిరి.

“అమ్మా, మీ ఇంట పచ్చిరవ్వ మిగిలితే ఒక గుప్పిడు కాయితంలో కట్టి ఇప్పించండి” అని భ్రమరాంబగారి నడిగిరి.

ఆమె రెండుగుప్పిళ్లు కట్టి ఇచ్చిరి. నాయుడుగారు పొట్లమును గుండెకు హత్తుకొని వీథివెంట నడచిపోయిరి. ఆయన ఎడమచేతివ్రేళ్లు పొట్లముపై ఊరకుండలేకపోవుటచేత కాగితము చిరిగి సందుపొడవున తెల్లని సన్నగీత యొకటి ఆయన వెనుకనే సాగెను.

సూర్యుడు కోటవెనుకకు వ్రాలకమునుపే సందుచివరి యింటినుండి ఒక్కటే నాదము గుమ్మని లేచి పెంకుటిండ్లమీదుగా తేలివచ్చెను. దానివెంట లేతకంఠ మొకటి స్వరము నందుకొనెను. భీమశంకరముగారు అరుగుపై కూర్చుండి వినుచుండిరి. అది ఎన్నిగజముల దూరమునుండి వచ్చుచున్నదో ఆ సాయంకాలము ఆయన కొలువలేదు.