యార్డు దగ్గు

మే నెల మొదటి వారంలో గుంటూరు మిర్చి యార్డుకు ఎండాకాలం సెలవులిచ్చారు. కమీషను కొట్లో ముప్ఫై ఏళ్లుగా గుమాస్తాగిరీ చేస్తున్న సిలార్, ఏటా వచ్చినట్టే ఆ ఏడూ ఒక సంచీ, రెండు బుట్టల రసాల మామిడిపళ్లు, ఒక దగ్గు వెంటబెట్టుకుని చిలకలూరిపేటలో తమ్ముడి ఇంటికి దిగాడు. సంచీ కొక్కేనికి వేలాడింది. బుట్టలు మంచం కిందికి చేరాయి. దగ్గు మాత్రం ఇల్లంతా తిరిగింది.

అది సామాన్యుల దగ్గు కాదని సిలార్ నమ్మకం. కొందరు పేరు ముందు బిరుదు తగిలించుకున్నట్టు అతను ప్రతి మాట ముందూ ఒక దగ్గు తగిలించేవాడు. "తేజా మిర్చి బస్తా విప్పితే ఒక దగ్గు, మూడు ముప్ఫైనాలుగు రకం విప్పితే ఇంకో దగ్గు. నా కళ్లకు గంతలు కట్టండి, దగ్గి రకం చెబుతా" అని అరుగు మీద చేరినవాళ్లకు చెప్పేవాడు. వాళ్లు తలలూపేవారు. తల్లి మస్తాన్‌బీ అయితే, కొడుకు దగ్గినప్పుడల్లా అతనికి ఎవరో పతకం తగిలిస్తున్నట్టు మురిసిపోయేది.

ఆ ఇంట్లో ఆ దగ్గును చూసి మురవని మనిషి సిలార్ మరదలు షాహిస్తా ఒక్కతే. ఆమె ఆ తమ్ముడు సలీం భార్య, ఆ వీధి అంగన్‌వాడీ టీచరు, అన్నిటికీ మించి ఏడేళ్ల నగ్మాకు తల్లి.

కిందటి దసరా సెలవుల్లో నగ్మా ఒక ఉదయం కళ్లు వాచి లేచింది. నాలుగు రోజుల్లో కాళ్లూ పొట్టా ఉబ్బాయి. ఒంటిని కాపాడవలసిన బలగమే దారితప్పి మూత్రపిండాల మీద పడిందని గుంటూరులో పిల్లల డాక్టరు తేల్చాడు. దాన్ని అణచడానికి మాత్రలు రాశాడు. అణచినంతకాలం బయటి క్రిములను ఆపే దిక్కు కూడా ఉండదని హెచ్చరించాడు. "దగ్గే మనిషి ఎవరైనా సరే, ఈ పిల్ల ఉన్న గదిలో ఉండకూడదు" అని కాగితం మీద రాసి, కింద రెండు గీతలు గీశాడు. షాహిస్తా ఆ కాగితాన్ని వసారా గోడకు అంటించింది.

వచ్చినవాళ్లందరూ దాన్ని చదివారు. ఒక్కరూ తమ గురించి అనుకోలేదు. మస్తాన్‌బీ తమ్ముడు బుడాన్ మూడుసార్లు చదివి, "ఇది బయటోళ్లకు రాసింది. మన ఇంటి మనుషులకు కాదు" అని అర్థం చెప్పాడు. మాత్రల వల్ల పిల్ల ముఖం గుండ్రంగా ఉబ్బితే, బంధువులు ఆ బుగ్గలు గిల్లి, "ఎంచక్కా ఒళ్లు చేసింది, ఇంకేం జబ్బు?" అని తీర్పిచ్చి భోజనాలకు కూర్చునేవారు.

బయటోళ్లంటే ఆ ఇంటి లెక్కలో ఎదురింటి ఆదాం. అతను జిన్నింగు మిల్లులో హమాలీ. రెండేళ్ల కిందట అతనికి క్షయ సోకింది. రోజు విడిచి రోజు షాహిస్తా కేంద్రానికి వచ్చి, ఆమె కళ్లెదుటే ఆరు నెలలు మాత్రలు మింగాడు. చివరి కళ్లె పరీక్షలో క్రిమి జాడ లేదు. ఆ సంగతి ప్రభుత్వ రికార్డులో ఉందిగాని మస్తాన్‌బీ బుర్రలో లేదు. ఆమె మనవరాలిని ఆదాం గడప తొక్కనిచ్చేది కాదు. ఆదాం వీధిలో నడిచిపోతుంటే సిలార్ భుజం మీది తువ్వాలుతో ముక్కు మూసుకునేవాడు. అతను దాటిపోయాక తువ్వాలు తీసేసి, తీరిగ్గా దగ్గేవాడు.

షాహిస్తా మొదటి రోజునే గొడవకు దిగలేదు. ఘాటు దగ్గయితే యార్డు గాలి వదిలిన వారం పది రోజుల్లో తగ్గాలి, తగ్గకపోతే అది ఘాటు వల్ల వచ్చింది కాదు అని లెక్క వేసుకుంది. ఆ లెక్క తేలేదాకా పిల్ల చాపను పెరటి గదిలోకి మార్చింది. కేంద్రానికి వెళ్లేటప్పుడు వెంట తీసుకుపోయింది. కానీ ఒకే కప్పు కింద ఎంతని దాచగలదు? సిలార్ రసం పండు మెత్తగా పిసికి, ముందు తను ఒక గుక్క పీల్చి, "తియ్యగానే ఉందిలే" అని పిల్ల నోటికి అందించేవాడు. అది ప్రేమ. ఆ ఇంట్లో ప్రేమకు అడ్డం చెప్పే ఆచారం లేదు.

పన్నెండో రోజు ఉదయం, అరుగు మీద బుడాన్‌తో కబుర్లాడుతున్న సిలార్ ముందు ఆమె నిలబడింది.

"బావగారూ, యార్డు మూసి పన్నెండు రోజులైంది. మీ దగ్గు ఇంకా ఆగలేదేంటండీ?"

"ముప్ఫయ్యేళ్ల ఘాటమ్మా! పన్నెండు రోజుల్లో దిగుద్దా?"

"పోయినేడు నాలుగు రోజుల్లో దిగింది. ఈసారి లుంగీ కూడా నడుమున నిలబడటం లేదు. పొద్దున్నే చూస్తే మీ దిండంతా చెమటే."

"మే నెల్లో చెమట పట్టక మంచు పడుద్దా అమ్మాయ్?" అని బుడాన్ తన చమత్కారానికి తనే పగలబడి నవ్వాడు.

ఆమె నవ్వలేదు. చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టింది. "రేపు నిద్ర లేవగానే గట్టిగా దగ్గి, కళ్లె ఇందులో పట్టండి. ఆస్పత్రిలో ఇచ్చొస్తా."

మస్తాన్‌బీ లోపలినుంచి పరుగున వచ్చింది. "ఏందే అది? ఆదాంగాడి డబ్బా నా కొడుక్కిస్తున్నావా?"

"ఆదాంది కాదత్తా. కొత్తదే."

సిలార్ ముఖం ఎర్రబడింది. "యార్డులో నేనొస్తే సేట్లు లేచి కుర్చీ వేస్తారు. నన్ను తీసుకెళ్లి హమాలీగాడి వరసలో నిలబెడతావా?"

"సేట్లను కుర్చీ వెయ్యనీయండి, నాకేం అభ్యంతరం లేదు. నేను చూసేది నా పిల్ల చాప ఎక్కడ వెయ్యాలా అనే."

"ఇంటి పెద్దనే అనుమానిస్తే ఆ ఇంట బరకత్తు నిలవదు. ఆ జబ్బు మన ఇంటావంటా లేదు" అని బుడాన్ గంభీరంగా ముగించాడు. అసలు ఆ వంశంలో ఎవరికీ పరీక్ష చేయించలేదు కాబట్టి, లేదని చెప్పడం సులభమే.

షాహిస్తా భర్త వైపు చూసింది. సలీం మిల్లులో ఫిట్టరు, ఎంత మొండి యంత్రాన్నయినా దారికి తెస్తాడని పేరు. ఇంట్లో మాట పట్టింపు వస్తే మాత్రం తలెత్తి సీలింగు ఫ్యాను చూస్తాడు. ఆ పూటా దాన్నే చూస్తూ, "నెలాఖరుకు వెళ్లిపోతాడుగా, అందాకా సర్దుకో" అన్నాడు.

అన్నం చాలకపోతే సర్దుకోవచ్చు, మంచం ఇరుకైతే సర్దుకోవచ్చు. ఊపిరితిత్తుల్లో సర్దుకునేందుకు ఏముందో ఆ ఫిట్టరు చెప్పలేదు.

ఆ సాయంత్రం, పిల్ల పెరటి గదిలో నిద్రపోతుంటే, ఆమె ఒక్క అరగంట కేంద్రానికి వెళ్లి మందుల పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేసరికి వసారాలో నవ్వులు వినిపించాయి. నగ్మా పెదనాన్న ఒళ్లో, అతనికి ఎదురుగా, ముఖంలో ముఖం పెట్టి కూర్చుని ఉంది. చుట్టూ పెద్దలు. సిలార్ దగ్గుతున్నాడు. పిల్ల కళ్లు మూసుకుని వింటోంది.

"చెప్పవే, ఇదేం రకం?"

"తేజా!"

"తప్పు. మళ్లీ విను." మళ్లీ దగ్గాడు, ఈసారి ఇంకా లోతుగా.

"మూడు ముప్ఫైనాలుగు!"

"చూశావా అమ్మా, నా పోలికే! యార్డుకు పనికొస్తది" అని అతను పిల్లను ముద్దు పెట్టుకోబోయాడు. షాహిస్తా ఆ రెండు ముఖాల మధ్య అరచెయ్యి అడ్డం పెట్టి, పిల్లను లాగేసుకుంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చాప, మాత్రల డబ్బా, రెండు గౌన్లు పట్టుకుని వీధి దాటి ఆదాం ఇంట్లోకి వెళ్లింది.

అప్పుడు లేచింది ఆ కుటుంబం. అందాకా నిద్రపోతున్న వైద్య పరిజ్ఞానమంతా ఒక్కసారిగా మేలుకుంది. మస్తాన్‌బీ నడివీధిలో నిలబడి, "క్షయోడింట్లో పసిదాన్ని పెట్టిందమ్మో!" అని గుండెలు బాదుకుంది. బుడాన్ గోడమీది కాగితం పీకి తెచ్చి, ఊరంతా వినేట్టు చదివాడు. "దగ్గే మనిషి ఎవరైనా సరే, ఈ పిల్ల ఉన్న గదిలో ఉండకూడదు! డాక్టరు గీత గీసి మరీ రాశాడు! ఒకటి కాదు, రెండు గీతలు!"

ఆదాం గుమ్మంలోకి వచ్చాడు. "నేను దగ్గట్లేదుగా, బుడాన్ గారూ?"

 సరిగ్గా అప్పుడే అరుగు మీదినుంచి సిలార్ దగ్గు, బావిలో బిందె తగిలినట్టు, గుల్లగా మోగింది.

ఎదురిళ్ల ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు, నవ్వు ఆపుకోవడానికో, గాలి ఆపుకోవడానికో. షాహిస్తా ఆదాం వెనకనుంచి అంది. "ఆదాం పరీక్ష కాగితం నా దగ్గరుంది. బావగారి కాగితం తెచ్చి చూపించండి. జబ్బు లేదని ఉంటే, ఈ వీధిలోనే ఆయన కాళ్లకు దణ్ణం పెట్టి పిల్లను తీసుకొస్తా."

"తెస్తా! తెచ్చి నీ మొహాన కొడతా!" అన్నాడు సిలార్.

పిల్ల ప్రాణం కోసం కదలని మనిషి పంతం కోసం కదిలాడు. రెండు రోజుల్లో మూడు డబ్బాలు నింపాడు. ఫలితం తేవడానికి సలీం వెళ్లాడు. కాగితం అన్న చేతిలో పెట్టాలా భార్య చేతిలో పెట్టాలా అని వీధి మధ్యలో కాసేపు తటపటాయించి, చివరికి ఆదాం గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"మూడు ప్లస్సులు వేశారు. ప్లస్సంటే మంచిదేగా?"

షాహిస్తా కాగితం చూసింది. క్రిములు ఎంత దండిగా ఉంటే అన్ని ప్లస్సులు. మూడుకు మించి వెయ్యరు. "రేపు పొద్దున్నే బస్సుకు పిల్లతో గుంటూరు పోవాలి. లీవు పెట్టు" అని మాత్రం అంది.

వార్త వీధికి పొక్కడానికి గంట పట్టలేదు. దానికి బంధువుల భాష్యం తయారు కావడానికి అరగంట చాలింది. జబ్బు ఆదాం ఇంటినుంచి గాలి వాటున సిలార్‌కు తగిలిందట. ఏడాదిన్నర కిందట నయమైన మనిషినుంచి, రెండు వారాల కిందట వచ్చిన మనిషికి, వచ్చినరోజే ఉన్న దగ్గు అంటిందన్నమాట. బుడాన్ ఆ సిద్ధాంతాన్ని టీకొట్టు దగ్గర ప్రతిపాదిస్తే, కాదన్నవాళ్లు లేరు.

చీకటి పడే వేళ సిలార్ ఒంటరిగా వీధి దాటి వచ్చి, ఆదాం గుమ్మానికి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. షాహిస్తా పిల్లను లోపలికి పంపి తలుపు దగ్గరగా వేసింది. సందులోంచి మాటలు వినిపించాయి.

"ఆదాం... ఆ మాత్రలు వాంతులవుతాయా?"

"మొదట్లో కాస్త తిప్పుద్దండి. రెండు మెతుకులు తిని మింగండి. మూత్రం ఎర్రగా వస్తది, కంగారుపడబాకండి."

"నలుగురిలోనా మింగేది?"

"టీచరమ్మ ముందు. నోరు తెరిచి చూపియ్యాలి."

సిలార్ వెనక్కి తిరిగాడు. వెళ్లేముందు దగ్గు వచ్చింది. ముప్ఫై ఏళ్లలో మొదటిసారిగా దాన్ని తువ్వాల్లోకి దగ్గాడు.

మర్నాడు గుంటూరులో డాక్టరు నగ్మా ఛాతీ ఫొటో తీయించి, చేతికి పరీక్ష సూది వేశాడు. మూడో రోజు మళ్లీ రమ్మన్నాడు. ఆ రోజు వెళ్తే చెయ్యి పొంగలేదు. ఫొటో శుభ్రంగా ఉంది. అయినా నిశ్చింతగా ఉండటానికి లేదని, ముందు జాగ్రత్తగా ఆరు నెలలు వాడాలని ఇంకో మాత్ర రాశాడు. రాస్తూ అడిగాడు.

"ఎన్నాళ్లు కలిసున్నారమ్మా?"

"పన్నెండు రోజులండీ."

"మీరు అంగన్‌వాడీలో చేస్తానన్నారు. మొదటిరోజే అనుమానం రాలేదా?"

"వచ్చిందండీ."

"మరి పన్నెండు రోజులు ఏం చేశారు?"

యార్డు సెలవుల లెక్క చెప్పబోయి ఆమె ఆగిపోయింది. పరీక్ష అని తనకు తను చెప్పుకున్నది పరీక్ష కాదు, మర్యాద. అనుమానం ఉన్నవాడిని దూరంగా పెట్టి పరీక్షించాలి. ఆమె పిల్లను దగ్గరే ఉంచి పరీక్షించింది. ఇన్నాళ్లూ అత్తనూ, బుడాన్‌నూ, ఫ్యాను చూసే మొగుణ్ణీ చూసి పుట్టిన ఏవగింపు ఇప్పుడు తనవైపు తిరిగింది. దానికి ఆమె ఎదురు చెప్పలేదు.

"తప్పు నాదేనండీ" అంది. పక్కన సలీం తలెత్తబోయి, దించేసుకున్నాడు.

ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పటికే సిలార్ పడక మిద్దె మీది రేకుల గదిలోకి మారింది. సలీం వెళ్లి కిటికీలన్నీ తెరిచాడు. ఆ సాయంత్రమే పిల్లను పరామర్శించడానికి బుడాన్, అతని ఇద్దరు కోడళ్లు, వాళ్ల పిల్లలు, రెండు డజన్ల అరటిపళ్లతో వచ్చారు. షాహిస్తా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీలో దగ్గు, జలుబు, జ్వరం ఎవరికున్నాయి?"

 చిన్న కోడలు చంకలోని పిల్లాడి ముక్కు కొంగుతో తుడిచింది.

"ఇదేం చోద్యం అమ్మాయ్? వాడికి మామూలు జలుబు" అన్నాడు బుడాన్. "మనవాడేగా."

"అరటిపళ్లు అరుగు మీద పెట్టి వెళ్లండి, మామయ్యా" అని ఆమె తలుపు వేసి, గడియ పెట్టింది.